ఇంజను మీద బతికేవాళ్లు

మా నాయనా, మా మేనత్త మొగుడూ ఒకే రోజు, ఒకే షోరూంలో, ఒకే రకం కార్లు రెండు కొన్నారు. జంటగా కొంటే తగ్గిస్తారని. మా వైపు కొట్ల వాళ్లు స్టీలు గిన్నెలు కొన్నా, కార్లు కొన్నా అదే పద్ధతి. మాది హిందూపురంలో స్పేర్ పార్టుల కొట్టు, వాళ్లది ధర్మవరంలో పట్టుచీరల కొట్టు. ఏళ్లు గడిచి రెండు కార్లూ ముసలివయ్యాక మాది నా చేతికొచ్చింది, వాళ్లది మేనత్త కొడుకు చేతికి పోయింది. అతను నాకు బావే గానీ, అతనికి పెళ్లయి పిల్లలున్నారు. కాబట్టి ఆ రకం కథ కోసం ఎదురుచూడకండి.

మా ఇద్దరికీ ఉన్న పిచ్చి ఒక్కటే, డ్రాగ్ రేసు. పెనుకొండ దగ్గర హైవేకి లోపలగా ఒక వెంచరు ఉంది. ప్లాట్లన్నీ రాళ్లు పాతుకుని పడి ఉంటాయి, ఇల్లు ఒక్కటీ లేదు, నడిమధ్యన రోడ్డు మాత్రం తాడు పట్టి గీసినట్టు ఉంటుంది. యజమాని ఒప్పుకుని ఆదివారాలు గేటు మూసి మాకు వదిలేవాడు. రెండు కార్లు పక్కపక్కన నిలబడాలి. జెండా ఊపగానే కదలాలి. నీళ్ల ట్యాంకు దగ్గరికి ఎవరు ముందు చేరితే వాళ్లు గెలిచినట్టు. ఇంజను లోపల ఎవరూ చెయ్యి పెట్టకూడదు, బయట ఏం చేసుకున్నా అడిగేవాడు లేడు.

మొదటిసారి బావతో పోటీపడి బానెట్ అంత తేడాతో ఓడిపోయాను. అతను కారు దిగి మీసం కింద నవ్వుతూ, "ఏం మరదలా, కార్లు రెండూ ఒకటే కదా. మరి తేడా యాడ ఉండాదంటావు?" అన్నాడు.

తేడా తోలేవాళ్లలో ఉందని చెప్పకుండా చెప్పడమన్నమాట. ఒళ్లు మండిపోయింది.

ఇంటికొస్తే నాయన పుండు మీద కారం చల్లాడు. "ఇంక చాలు పాపా. సోమందేపల్లి ఆయప్ప ట్యాక్సీకి అడుగుతాండాడు, బండి ఇచ్చేస్తాం."

నేను గోడౌనులోకి పోయి ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆ కారు పోతే నాకు మిగిలేది కౌంటరు వెనకాల స్టూలే. కళ్లు తుడుచుకుని బయటికొచ్చి నాయనతో పోట్లాడాను. చివరికి ఆయన దిగొచ్చాడు. "సరే, ఇంకొక్క పందెం. ఓడితే బండి ఆయప్పకు. గెలిస్తే నీది. మళ్లా నన్ను అడగొద్దు."

మరుసటి రోజు బానెట్ ఎత్తి చూస్తూ నిలబడ్డాను. రోజూ చూసేదే, కానీ ఆ రోజు కోపంతో చూశాను. కోపంలో కొన్ని బాగా కనిపిస్తాయి. ఇంజను ముందు తిరిగే కప్పీలూ, వాటి మీద బెల్టులూ ఉమ్మడి కాపురంలా ఉన్నాయి. సంపాదించేది ఇంజను ఒక్కటే. ఏసీ కంప్రెసరు, స్టీరింగును తేలిక చేసే పంపు, బ్యాటరీకి ఛార్జి పెట్టే ఆల్టర్నేటరు దాని మీద పడి బతుకుతున్నాయి. చక్రాలకు పోవాల్సిన బలంలో తలా పిడికెడు లాక్కుంటున్నాయి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఏసీ మనకు చల్లగాలి పంచుతుంది, పాపం ఇంజను మోస్తుంది.

బావ కారులోనూ ఇవన్నీ ఉన్నాయి. నా కారులో లేకపోతే?

ముందు ఏసీ కంప్రెసరు విప్పేశాను. నడిఎండాకాలం. నాయన నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. "అందరూ ఏసీ బిగించుకుంటాంటే నువ్వు పీకేస్తాండావే! తిక్క గానీ పట్టిందా?"

కొట్టుకు వచ్చినవాళ్లు స్విచ్ ఆపితే సరిపోదా అని సలహా ఇచ్చారు. స్విచ్ ఆపినా దాని కప్పీ తిరుగుతూనే ఉంటుంది, బెల్టు ఈడుస్తూనే ఉంటుంది, బరువు మోస్తూనే ఉంటాం అని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. తర్వాత స్టీరింగు పంపు తీసేశాను. ఆ దెబ్బకు స్టీరింగు రాయి అయిపోయింది. లేపాక్షి దారిలో కొన్నాళ్లు తోలి అలవాటు చేసుకునేసరికి అన్నం కలుపుకోవడానికి కూడా చెయ్యి వచ్చేది కాదు. నీళ్ల పంపును మాత్రం ముట్టుకోలేదు, అది ఆగితే ఇంజను ఉడికిపోతుంది. ఇక ఆల్టర్నేటరు. పందెం కాసేపే కదా, ఆ కాసేపటికి నిండు బ్యాటరీ చాలు. మా కొట్లోని బెల్టులన్నీ మెడలో వేసుకుని కొలిచి కొలిచి, ఆల్టర్నేటరును తప్పించి నీళ్ల పంపును మాత్రమే తిప్పే పొట్టి బెల్టు ఒకటి పట్టుకున్నాను. పెనుకొండ దాకా పొడుగు బెల్టుతో పోయి, అక్కడ పొట్టిది వేసుకోవాలి.

బావతో మళ్లీ పందెం పెట్టుకున్న ఆదివారం అలాగే చేశాను. ఇంజను ఆపి, అది చల్లబడాలని బ్యాటరీ మీద ఫ్యాను తిరగనిచ్చి, రోడ్డుకు ఏ వైపు నాదో తేల్చుకోవడానికి బావ దగ్గరికి పోయాను. ఎడమ వైపు కంకర లేచి ఉంది, అది నాకు అంటగట్టాలని అతని ఎత్తు. చాలాసేపు గట్టిగానే అరుచుకున్నాం.

ఈలోగా, నాతో పాటు వచ్చిన మా అమ్మ కారుకు పూజ చేసింది. మా ఇళ్లలో బండికి పూజంటే హెడ్‌లైట్లు వెలిగించి తీరాలి. అవి బండికి కళ్లు, హారతి బండి కూడా చూడాలంటుంది అమ్మ. వెలిగించింది, హారతి ఇచ్చింది, నేను వచ్చేదాకా ఆర్పకూడదని అలాగే ఉంచింది. ఛార్జి పెట్టే ఆల్టర్నేటరు లేదని ఆమెకెలా తెలుస్తుంది?

నన్ను పిలిచారు. తాళం తిప్పాను. కటకటమని ఊరుకుంది. మళ్లీ తిప్పాను. ఈసారి అదీ లేదు. జనం ఒకటే నవ్వు. తోసి స్టార్ట్ చేసినా, చచ్చిన బ్యాటరీతో సగం దూరం కూడా పోలేను.

"నా బ్యాటరీ నుంచి కరెంటు తీసుకో మరదలా," అన్నాడు బావ వైరు ఊపుతూ. "ట్యాక్సీ ఆయప్ప దాకా అన్నా పోవల్ల కదా బండి!"

నేను ఏదో అనబోయాను. అంతలో వెనక నుంచి నాయన గొంతు వినిపించింది. "పక్కకు జరగప్పా."

ఆయన కొట్టు సరుకుల ఆటోలో వచ్చాడు. చూస్తే దాని బ్యాటరీ చేతుల్లో ఉంది, చొక్కాకు మసి అంటి ఉంది. ఎప్పుడు విప్పాడో నేను చూడలేదు. "ఓడితే రోడ్డు మీద ఓడనీ," అన్నాడు నా ముఖం చూడకుండా. "ఈడ నిలబడి ఓడితే నేనొప్పుకోను." స్పానరు పట్టుకుని తనే బిగించాడు.

ఇంజను ఒక్క దెబ్బకు లేచింది. జెండా ఊపారు.

మొదట బావ కారు ముక్కు ముందే ఉంది. రెండో గేరులో పక్కకొచ్చాను. మూడో గేరు వేసేసరికి నా కారు తేలిపోతోంది, ఎన్నాళ్లుగానో మోస్తున్న మూట దించేసినట్టు. అతని అద్దం దాటాను, బానెట్ దాటాను. కిటికీలోంచి వేడిగాలి మొహానికి కొడుతోంది, నేను ఎందుకో అరుస్తున్నాను. ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి నా వెనకద్దంలో బావ కారు నిండుగా కనబడింది. ఆ సంతోషం ఇంతా అంతా కాదు. దిగి రోడ్డు మీదే గంతులేశాను.

బావ వచ్చి నా బానెట్ ఎత్తి చూశాడు. "సగం కారు ఇంటికాడ పెట్టొచ్చినావు కదే!" అని పడీపడీ నవ్వి, చెయ్యి కలిపాడు. తేడా యాడ ఉండాదని మాత్రం అడగలేదు.

అప్పుడే నాయన ఫోను మోగింది. సోమందేపల్లి ఆయన. నాయన కాసేపు విన్నాడు. "బండి నాది కాదప్పా," అన్నాడు. "మా పాపది. ఆమెనే అడుగు." ఫోను నా చేతిలో పెట్టాడు.

"ఏమ్మా, బండి ఇస్తావా?" అంటున్నాడు ఆయన అవతల నుంచి.

"ఇవ్వను," అన్నాను. నాయన పక్కనే ఉన్నా, వెంచరంతా వినబడేట్టు అన్నాను.