మేనత్త వదిలేసిన పండు

ఈ ఎండాకాలం మొదట్లో డాక్టరు నన్ను మామిడిపండు ముట్టొద్దన్నాడు. చక్కెర జబ్బు. సరేనని తలూపి వచ్చాను. ఆ రోజు నుంచి కరీంనగర్‌లో మామిడిపండ్ల బండి లేని సందు ఒక్కటీ నాకు కనిపించడం లేదు. మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చినవాణ్ని, ఇప్పుడు బండి పక్క నుంచి పోతూ గుటకలు మింగుతున్నాను. కొని తిన్నా అడిగేవాళ్లు లేరు. మందలించే మనిషి లేని ఇంట్లో దొంగతనంగా తినడంలోనూ రుచి ఉండదు.

గుటక పడ్డప్పుడల్లా మా మేనత్త గుర్తుకొస్తుంది. ఆమె మంథనిలో మా ఇంట్లోనే ఉండేది. పెళ్లైన కొన్నాళ్లకే భర్త వ్యాపారమని బొంబాయి పోయి మళ్లీ రాలేదు. ఉత్తరం లేదు, కబురు లేదు. మా తాత కూతుర్ని కాశీకి తీసుకుపోయాడు. కాశీకి పోయినవాళ్లు ఇష్టమైన తిండి ఒకటి అక్కడ వదిలి రావాలని పట్టింపు కదా. తాత కాకరకాయ వదిలాడు. వెంట వెళ్లిన పెద్దమనుషులు కూడా ఎవరికి గిట్టనిది వాళ్లు వదిలేసి, పుణ్యం మూటగట్టుకుని రైలెక్కారు. మా మేనత్త ఒక్కతే నిజం చెప్పింది. భర్త తిరిగి రావాలని మొక్కుకుని మామిడిపండు వదిలింది.

డెబ్బైల్లో, కాలేజీలో వాదాలు నేర్చి సెలవులకు వచ్చిన నాకు ఈ సంగతి చాలు, ఒళ్లు మండటానికి. మామిడిపండుకూ బొంబాయికీ సంబంధమేమిటి? మగవాళ్ల దగ్గర కాకరకాయతో సరిపెట్టుకున్న దేవుడికి, ఆడమనిషి దగ్గరికొచ్చేసరికి మామిడిపండే ఎందుకు కావాలి? అన్నాల దగ్గరే తాతను అడిగాను.

"నాలుగు బుక్కులు చదివిండు, కాశీకే వంకలు పెడుతుండు!" అని తాత గర్జించాడు.

"నువ్వు కాకరకాయ ఎన్నడన్న తిన్నవా తాతా?"

వడ్డిస్తున్న మేనత్త పకపకా నవ్వింది. "అడుగు కొడుకా, అడుగు. ఆయిన ఎన్నడు తినలే. మా అవ్వ వండితే గిన్నె ఇసిరికొట్టేటోడు."

విడ్డూరమేమిటంటే, మా ఇంట్లో పండ్లు మాగబెట్టే పని కూడా ఆమెదే. తోట నుంచి కాయలు రాగానే మూలగదిలో వరిగడ్డి పరచి, కాయకు కాయ తగలకుండా పేర్చి, పైన మళ్లీ గడ్డి కప్పేది. పొద్దున్నే వెళ్లి ఒక్కొక్కటే తీసి తొడిమ దగ్గర వాసన చూసేది. "గిది రేపటికి. గిది గియ్యాలనే తినాలె, పట్టు." మేం మోచేతుల దాకా రసం కార్చుకుంటూ తింటుంటే ఎదురుగా కూర్చుని చూస్తూ గుటక వేసేది. ఏడాదంతా ఉప్పుందో లేదో కూడా చెప్పకుండా తినే మనిషికి, ఆ నెలలో మాత్రం ముఖంలో వెలుగు వచ్చేది. నేను దాన్ని హింస అనుకున్నాను. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ మొక్కు మీద యుద్ధం చేశాను. ఆమె నవ్వేది, తినేది కాదు.

తొంభైల్లో ఒక ఎండాకాలం ఆమె జ్వరంతో మంచం పట్టింది. ఏం పెట్టినా సహించడం లేదు, మనిషి గడ్డిపోచలా అయింది. "నీ మాటంటే ఆమెకు పానం. నువ్వే ఏమన్న తినిపియ్యి," అంది మా అమ్మ. నేను మంచి పండు ఒకటి కోసి మంచం పక్కన కూర్చున్నాను.

"అత్తమ్మా, ఒక్క ముక్క. మామ ఇగ రాడు. తింటే ఆగేదేం లేదు."

"మీ మామనా? ఆయిన మొఖమే యాదికి లేదు కొడుకా. గా మొక్కు ఎన్నడో మరిచిన."

"మరి ఎందుకు తింటలేవు?"

ముక్క తీసుకుని కళ్లు మూసుకుని వాసన చూసింది. "తింటె అయిపోతది. చలికాలం నుంచి పూత ఎప్పుడొస్తదా, కాయ ఎప్పుడైతదా అని చూస్తుంట. మీకు కొలువులున్నయి, మీటింగులున్నయి. ఎదురుచూసుటానికి నాకు గిదొక్కటే ఉన్నది. గిది గూడ లేకుంట చేస్తవా?"

ముక్క నా చేతిలో పెట్టి, "నువ్వు తిను, నేను చూస్త," అంది. తిన్నాను. ఆమె గుటక వేసింది. కాసేపటికి ఇంత పచ్చిపులుసు అన్నం కలిపి పెట్టమంది.

ఆ జ్వరం నుంచి లేచింది. తర్వాత ఒక చలికాలం, ఇంకా పూత రాకముందే పోయింది.

మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉందని, రుచి నాలుకకు తగిలినప్పటికంటే దొరకబోతుందని తెలిసినప్పుడే అది ఎక్కువ ఉరకలు వేస్తుందని, కావాలనుకోవడం వేరు, తిని ఆనందించడం వేరని ఈ మధ్యే చదివాను. మా మేనత్త ముఖంలో వెలుగుకు కారణం అదే కావచ్చు. అందులో కాశీకి వాటా లేదు. ఆ విషయంలో నేను ఇప్పటికీ తాతతో రాజీపడను.

మొన్న బండి దగ్గర ఆగి, దోరకాయ ఒకటి కొన్నాను. పట్నంలో వరిగడ్డి ఎక్కడిది? బియ్యం డబ్బాలో దాచాను. పొద్దున్నే మూత తీసి, తొడిమ దగ్గర వాసన చూసి, రేపటికి అనుకుని మళ్లీ పెట్టేస్తున్నాను. చాలా ఏళ్లుగా నా ఇంటికి రోజులు వస్తున్నాయి, పోతున్నాయి. రేపు అనేది మాత్రం ఇన్నాళ్లకు మళ్లీ వచ్చింది.