గోనె పరదా

మాదాపూర్‌లో మెట్రో దిగగానే వేయించిన పల్లికాయల వాసన తగిలితే నేను ఏడేళ్ల పిల్లనైపోతాను.

అప్పట్లో కూకట్‌పల్లి డేరా సినిమా హాల్లో ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య గోనె పరదా కట్టేవారు. ఒకరోజు ముగ్గురం సినిమాకెళ్లాం; అప్పటికి అమ్మా నాయినా వారం రోజులుగా మాట్లాడుకోవడం లేదు. తెర మీద కూడా, ప్రేమించి పెళ్లాడిన జంట విడిపోతోంది.

రీలు మార్చడానికి బొమ్మ ఆగగానే అమ్మ పల్లికాయల పొట్లం నా చేతికిచ్చింది. "మీ నాయినకియ్యి. నేనిచ్చిన అని చెప్పకు."

పరదా కింద నుంచి దూరాను. నాయిన మెల్లగా అడిగాడు. "మీ అమ్మ ఏడుస్తుందా? నేనడిగిన అని చెప్పకు."

ఇద్దరికీ అన్నీ చెప్పేశాను. తర్వాతి రీలుకు పొట్లం అమ్మ దగ్గరికి తిరిగొచ్చింది. అన్నీ ఒలిచిన గింజలే. అమ్మ కిసుక్కున నవ్వింది.

పాపం, తెర మీది వాళ్లకు నాలాంటి పిల్ల లేదనుకున్నాను.

నా నోట్లో నువ్వుగింజ నానదని వాళ్లిద్దరికీ ముందే తెలుసునని పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.