తడిగుడ్డకు చెరగని బొట్టు

తాండూరులో మా ప్రార్థన గది తలుపు పక్కన ఒక మేకుకు తడిగుడ్డ వేలాడేది. ఆ గుడ్డ మీద పెత్తనం నాది. బొట్టు పెట్టుకుని వచ్చిన ఆడవాళ్లు లోపలికి అడుగు పెట్టేముందు దానితో నుదురు తుడుచుకోవాలి. ఇళ్లలో భర్తలు, అత్తలు ఇంకా యేసును నమ్మినవాళ్లు కారు కనుక బొట్టు లేకుండా వాళ్ల గడప దాటి రాలేరు. బొట్టుతో నా గడప దాటి లోపలికి రాలేరు. ఆరాధన కాగానే కొంగు ముడి విప్పి, కాస్త కుంకుమ తీసి ఒకరికొకరు దిద్దుకుని, నవ్వుకుంటూ వెళ్లిపోయేవాళ్లు. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

డెబ్బైల మొదట్లో మాట ఇది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. వికారాబాద్‌లో హాస్టల్లో ఉండి చదివినదాన్ని. పూలు పెట్టుకోకూడదు, సినిమా చూడకూడదు, పండగనాడు పక్కింటివాళ్లు పంపిన బొబ్బట్టు, అదే మా పోలె, ముట్టకూడదు. అవన్నీ నాకు నోటికి వచ్చు. కృప అంటే ఏమిటో కూడా వచ్చు. అర్హత లేనివాళ్లకు దేవుడు ఊరికే ఇచ్చే దయ అని పరీక్షలో నాలుగు పేజీలు రాసి, ముఖ్యమైన చోట కింద గీతలు గీసి, స్టీలు గ్లాసు బహుమతిగా తెచ్చుకున్నాను. ఆ గ్లాసుతో నీళ్లు తాగుతూనే ఊళ్లో ఎవరు పరలోకానికి పనికొస్తారో, ఎవరు పనికిరారో తేల్చేసేదాన్ని.

మా అత్తమ్మది బంట్వారం దగ్గర ఒక పల్లె. చిన్నప్పటినుంచి కూలికి పోయిన మనిషి. మామ పోయాక తాండూరు వచ్చి మా దగ్గర ఉండేది. మా ఆయన నాపరాళ్ల పాలిష్ మిషన్ దగ్గర పని చేసేవాడు. ఆయన పెళ్లికి ముందే నమ్మినవాడు. అత్తమ్మ మాత్రం సాయంత్రం మేం ప్రార్థన చేసుకుంటుంటే గుమ్మం బయట బియ్యం ఏరుతూ కూర్చునేది. ఏరిన బియ్యమే మళ్లీ మళ్లీ ఏరేది. ఒకరోజు చేట పక్కన పెట్టి, “బిడ్డా, గా దేవుడు నాసొంటోళ్లను గూడ రానిస్తడా?” అని అడిగింది.

“ఎందుకు రానియ్యడు అత్తమ్మా!” అన్నాను. ఆ మాట అన్నది నేనే. అందుకే చెప్తున్నాను.

చదువు రాదు కనుక మూడు నెలలు అన్నీ నోటితోనే నేర్పాను. వానలు వెనకబట్టాక కాగ్నా ఏటి నీళ్లలో ఆమెకు బాప్తిస్మం అయింది. ఇచ్చింది వికారాబాద్ అయ్యగారు. ఆయన నెలకోసారి, మొదటి ఆదివారం, పొద్దున రైలు బండికి వచ్చి మాకు ప్రభువు బల్ల, అంటే ఆయన పేర రొట్టె, ద్రాక్షరసం, ఇచ్చి పోయేవారు. మిగతా ఆదివారాలు మా సంఘపెద్దే నడిపేవాడు. నీళ్లలోంచి లేచినప్పుడు గట్టు మీది నుంచి అత్తమ్మ ముఖం చూశాను. అంత సంతోషం నేనెక్కడా చూడలేదు.

చిక్కు ఒక్కటే. ఆమె నుదుటి మీద పచ్చబొట్టు ఉండేది. ఎనిమిదేళ్ల వయసులో వాళ్ల అవ్వ, అంటే అమ్మ, పొడిపించిన నీలపు చుక్క, దాని కింద చిన్న గీత. తడిగుడ్డతో తుడిస్తే పోయేది కాదు. మామూలు ఆదివారాల్లో చూసీచూడనట్టు ఊరుకున్నాను, మా అత్త కదా! బల్ల నాడు ఎట్లా ఊరుకోను? మిగతా ఆడవాళ్లంతా నన్నే చూస్తున్నారు. మా నుదుళ్లు తుడిపించావు, మీ అత్తకో నియమం, మాకో నియమమా అన్నట్టు చూస్తున్నారు.

ఆడవాళ్ల వైపు రొట్టె పళ్లెం పట్టుకుని తిరిగేది నేనే. ఆమె దగ్గరకు వచ్చాను. తలమీద కొంగు కప్పుకుని రెండు చేతులూ చాచి ఉంది. నేను వద్దన్నట్టు తల ఊపి, పళ్లెం పక్కామె ముందు పెట్టాను. అత్తమ్మ చేతులు కాసేపు అట్లాగే ఉండి, మెల్లగా ఒళ్లోకి దిగాయి. మగవాళ్ల వైపు గిన్నె అందిస్తున్న అయ్యగారు ఇది చూడలేదు.

ఇంటికొచ్చాక నేనే ముందు నోరు విప్పాను. “నుదుటి మీద గా బొట్టు ఉండంగ బల్ల దగ్గరికి ఎట్ల వస్తవ్ అత్తమ్మా? అది పోవాలె.”

“ఎట్ల పోతది బిడ్డా? తోలు లోపటికి దిగింది.”

“నాకేం ఎరుక? పోవాలె, గంతే.”

ఆ మాట అని గిన్నెలు తోముకోవడానికి వెళ్లిపోయాను. నాకంత పౌరుషం ఎక్కడినుంచి వచ్చిందో!

నెల రోజులు ఆమె ఆ ఊసెత్తలేదు. మళ్లీ మొదటి ఆదివారం రేపనగా, శనివారం మధ్యాహ్నం నేను బట్టలు ఉతకడానికి వెళ్లినప్పుడు చేసిందా పని. మా వైపు పల్లెల్లో మడమలు పగిలితే, కాలు బెణికితే జీడి పెట్టుకుంటారు. చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెడతారే, ఆ నల్లటి గింజ. వేడి చేస్తే నూనె కారుతుంది. ఆ నూనె లేతచర్మానికి తగిలితే కాల్చేస్తుంది. అత్తమ్మ పొయ్యి మీద దాన్ని కాల్చి, అద్దం ముందు కూర్చుని, పచ్చబొట్టు మీద రుద్దుకుంది. నేను వచ్చేసరికి నుదుటి మీద కొంగు కప్పుకుని పడుకుంది. తలనొప్పి అంది. తెల్లవారేసరికి ముఖమంతా వాచి, కళ్లు మూసుకుపోయి, జ్వరంతో వణుకుతోంది.

మా ఆయనా నేనూ కలిసి ఆమెను వికారాబాద్ బండి ఎక్కించాం. కిటికీ పక్కన నా భుజం మీద తల పెట్టి కూర్చుంది. ధారూర్ దాటాక, ఎందుకు చేశావత్తమ్మా అని ఏడ్చాను.

“మా అవ్వ పొడిపిచ్చినప్పుడు చెప్పింది,” అంది మెల్లగా. “సచ్చినంక నీ వెంట వచ్చేది గిదొక్కటే బిడ్డా అన్నది. గీ బొట్టుతోని మీదికి పోతె, ఆయన గూడ నీలెక్కనే తలకాయ ఊపుతడేమో అని నాకు బుగులు పట్టింది.”

దేవుడి ముఖం ఎట్లా ఉంటుందో తెలియని మనిషికి నా ముఖం చూపించాను. ఇంకెవరి తప్పూ కాదు, నాదే.

దవాఖానలో కట్టు కట్టి, సూది వేసి, మంచం ఇచ్చారు. చూపుకేం ప్రమాదం లేదన్నారు. మచ్చ మాత్రం మిగులుతుందట. ఆ పొద్దున మేం ఇటు వస్తుంటే అయ్యగారు అటు తాండూరు వెళ్లారు. అక్కడ సంగతి విని, సాయంత్రం బండికి తిరిగొచ్చి, ఇంటికి కూడా పోకుండా నేరుగా వార్డుకు వచ్చారు. మా ఆయన మందులకు బయటికి వెళ్లాడు. నేను లేచి నిలబడి అంతా చెప్పేశాను. గుడ్డ సంగతి, పళ్లెం సంగతి, తల ఊపిన సంగతి. ఆయన తిడితే బాగుండేది. కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు.

తర్వాత మంచం దగ్గరికి వంగి, “అమ్మా, నిన్ను కాగ్నాల ముంచింది నేనే గదా. గప్పుడు నీ నుదురు నాకు కనబడలేదనుకున్నవా?” అన్నారు.

“కనబడే ఉంటది అయ్యగారూ.”

“చెరుపుకొని రా అన్ననా?”

“అనలే.”

“ఆయన గూడ అనలే. ఉన్నదున్నట్టుగ రమ్మన్నడు. చెరుపుకొమ్మన్నది మేము. ఆ గుడ్డ అక్కడ వేలాడుతుంటె నెలనెలా చూసుకుంట పోయినోన్ని నేను. మమ్ముల మాఫ్ చెయ్యమ్మా.”

అని ఆ పెద్దమనిషి కూలికి పోయిన మా అత్తమ్మకు రెండు చేతులూ జోడించారు. ఆమెకు కనబడదని తెలిసి కూడా జోడించారు. నాలుగు పేజీలు రాసినప్పుడు తెలియనిది ఫినాయిల్ వాసన కొట్టే ఆ వార్డులో నా ఎదురుగా నిలబడింది.

ఆయన సంచిలోంచి స్టేషన్ దగ్గర కొన్న డబల్ రొట్టె తీశారు. తాండూరులో మిగిలిన ద్రాక్షరసం చిన్న సీసాలో ఉంది. స్టూలు మీద చేతిరుమాలు పరిచి అవి రెండూ పెట్టారు. పులిసిన రొట్టె! బల్లకు నెలనెలా పులియని రొట్టె కాల్చేదాన్ని నేను. అంత ఏడుపులోనూ నా బుర్ర పులిసింది, పులిసింది అని గోల పెట్టింది. ఏం బుద్ధో నాది! పక్క మంచం మీది ముస్లిం అమ్మ మాత్రం బిడ్డకు పాలు పట్టడం ఆపి, కొంగు నెత్తిమీదికి లాక్కుని, ఏదో పెద్దదే జరుగుతోందని తెలిసినట్టు ఇటే చూస్తూ కూర్చుంది.

అయ్యగారు ప్రార్థించి, రొట్టె విరిచి, అత్తమ్మ అరచేతిలో పెట్టారు. ఆ ముక్క మీద ఆమె వేళ్లు మెల్లగా మూసుకున్నాయి. తర్వాత నా వైపు తిరిగారు.

నేను వెనక్కి జరిగాను. “నాకొద్దు అయ్యగారూ. నాకు అర్హత లేదు. నా మనసు జర సాఫ్ అయినంక తీసుకుంట.”

“సాఫ్ అయినంక తింటవా?” కట్టు కింది నుంచి అత్తమ్మ గొంతు వచ్చింది. “గట్లనే అనుకొని నేను గీడ పడ్డ. నువ్వు గూడ పక్క మంచం ఎక్కుతవా ఏంది?”

చేతిలోని ముక్కను తడుముకుంటూ రెండుగా విరిచింది. కళ్లు తెరుచుకోవు కనుక నేనెక్కడున్నానో తెలియక గాలిలో చెయ్యి చాపింది.

“దగ్గరికి రా బిడ్డా. నోరు తెరువు.”

మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని నోరు తెరిచాను.