కంకర దారిలో అతిశయోక్తి

బడిలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నాకు పాముకన్నా, తేలుకన్నా తనిఖీ అంటేనే భయం. అయిజ దాటి లోపలికి వెళ్లాల్సిన ఊరు, ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. అధికారికి పాఠం నచ్చకపోతే వచ్చే ఏడు నేను ఇంట్లో కూర్చోవాల్సిందే. అందుకే ముందుగానే ఒక ఏర్పాటు చేసుకున్నాను. రోడ్డు కోసం కొట్టేసిన చెట్టు మనతో మాట్లాడే కవిత ఒకటి పాఠంలో ఉంది. అందులోని అలంకారాలను పిల్లలకు పంచేశాను. ఉపమ ఒకరికి, రూపకం ఇంకొకరికి, అతిశయోక్తి మా గలగలకు (నోరు మూయని పిల్లకు బడి పెట్టుకున్న పేరు). ఎవరి అలంకారానికి వాళ్లే చెయ్యెత్తాలి.

తీరా తనిఖీ రోజు సగం తరగతి ఖాళీ. విత్తనపత్తి చేలలో పూలకు క్రాసింగ్ చేసే (చేత్తో పుప్పొడి రుద్దే) కాలం. ఉపమ, రూపకం రెండూ పొద్దున్నే అమ్మల వెంట చేనుకు వెళ్లిపోయాయి. పైగా దారిలో జీపు దిగబడి, అధికారి మోకాళ్ల దాకా నల్లరేగడి పూసుకుని, మొహం మాడ్చుకుని వచ్చారు. ఉపమ అడిగారు. ఎవరూ కదల్లేదు. రూపకం అడిగారు. బయట మేక అరిచింది. అతిశయోక్తి అనగానే గలగల లేచింది. హమ్మయ్య అనుకునేలోపే, కవితలోది వద్దు, సొంతంగా చెప్పమన్నారు.

"మా ఊరికి తారురోడ్డు ఉన్నది సార్."

నేను కళ్లు మూసుకున్నాను (వచ్చే ఏడు ఏం పని వెతుక్కోవాలా అని అప్పుడే ఆలోచిస్తూ). ఆయన తన ప్యాంటు చూసుకున్నారు.

"గది అతిశయోక్తి ఎట్లయితది? అబద్ధమైతది."

"కాదు సార్. ఉన్నదాన్నే ఎక్కువ జేసి చెప్తే అతిశయోక్తి అని మా మేడం చెప్పింది. చెట్లు కొట్టిండ్రు, కంకర కుప్పలు పోసిండ్రు. గంత మటుకు ఉన్నది గద."

ఆయన బెంచీ పట్టుకుని మరీ నవ్వారు. పిల్లకు పాఠం బాగా వంటబట్టిందమ్మా అని నాతో చెప్పి వెళ్లారు. నా ఉద్యోగం నిలిచింది.

మొన్న ఆ ఊరికి కారులో వెళ్లాను. తారురోడ్డు నున్నగా ఉంది. అప్పుడు జీపు దిగబడిన చోట దిగి నీడ కోసం చూస్తే చెట్టన్నది లేదు, ఇనుప కంచెలో మోకాలెత్తు కానుగ మొక్క తప్ప. మనసు చివుక్కుమంది. కవితలో ఆ చెట్టు అంత మొత్తుకున్నా, ఆ రోజు నాకు నా ఉద్యోగమే వినపడింది. అక్కడి నుంచే గలగలకు ఫోన్ చేసి, మన దారి పొడుగునా చెట్లేనే అన్నాను.

"ఎన్నున్నయి మేడం?"

ఒక్క మొక్క అన్నాను.

"అయితే అబద్ధం గాదు మేడం, అతిశయోక్తే."

కళ్లు మూసుకుని వణికిన ఆ కొత్త మేడం గుర్తొచ్చి, ఎండలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.