చిన్నాయన భుజం మీది కట్టె తుపాకీ

మా చిన్నప్పుడు ఒక ఎండాకాలం సాయంత్రం, జనగామ బజారులో వేసిన పందిరి కింద, మా చిన్నాయన భుజానికి కట్టె తుపాకీ తగిలించి ఫొటో తీశారు...

ఆ ఫొటోను మొన్న మళ్ళీ మా ఊరివాళ్ళ గ్రూపులో పెట్టారు. కింద "శత్రువులను చీల్చి చెండాడిన మన సింహం" అని రాశారు. ప్రతి ఏడూ ఇదే. ప్రతి ఏడూ నేను ఓపిగ్గా రాస్తాను... ఆయన మిలిటరీ దవాఖానాలో సర్జన్ అనీ, ఆ తుపాకీ బడిపిల్లలు కవాతుకు పట్టుకునేదనీ. ఎవరూ చదవరు. దండం బొమ్మలు మాత్రం వరసగా వచ్చి పడతాయి. అందుకే ఈసారి మొదటినుంచీ చెప్తున్నాను.

మాది కిరాణా కొట్టు ఇల్లు. చిన్నాయన మా బాపుకు తమ్ముడు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడి ఆయన చదువు వెనకబడింది. ఎలాగో డాక్టరీ పూర్తిచేసి, చెప్పాపెట్టకుండా మిలిటరీలో చేరాడు.

నానమ్మకు అది మింగుడు పడలేదు. చీమల బారు కనిపిస్తే చక్కెర చల్లి పక్కనుంచి నడిచే మనిషి ఆమె. మిలిటరీ అంటే చంపే కొలువు, అంతే. సెలవుల్లో కొడుకు వస్తే ఇష్టమైనవన్నీ వండేది, తలకు నూనె రాసేది... దేవుడి అర్రలోకి మాత్రం రానిచ్చేది కాదు.

"అమ్మా, నేను దెబ్బ తాకినోళ్లకు కుట్లు ఏస్త. తుపాకీ నా పని గాదు."

"తుపాకులోళ్ల నడుమ ఉండి ముట్టలేదంటే ఎట్ల నమ్మాలె బిడ్డా."

ఏళ్ళ తరబడి ఇదే మాట, ఇదే జవాబు.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు చిన్నాయనకు ఏదో పతకం వచ్చిందని పేపర్లో వేశారు. వెంటనే బజారు పెద్దలు సన్మానం అన్నారు. ఆయనకున్నది పది రోజుల సెలవు. తేదీ మూడుసార్లు మార్చి, అందులో ఆరు రోజులు వాళ్ళే తినేశారు. పైగా యూనిఫాం తేలేదని అలిగారు.

"డ్రెస్సు లేదాయె, గన్ను లేదాయె. ఉత్త అంగీల నిలవడితే మిలిటరీ అని ఎవనికి ఎర్కయితది?" అన్నాడు వాళ్ళకు పెద్ద అయిన నూనె మిల్లు తాత.

"డాక్టర్నని చెప్పుండ్రి."

"డాక్టర్లు ఊళ్లె శానమంది ఉన్నరు. డాక్టరుకు దండలెవరేస్తరయ్యా."

చిన్నాయన ఆశ వేరే. "నా పని ఏందో నలుగురు చెప్తే ఇంటవు గద" అని నానమ్మను బతిమాలి తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాడు.

ఆ నలుగురూ ఏం చెప్పారు? మొదటాయన చిన్నాయన చేత పదిమందిని చంపించాడు. రెండో ఆయన యాభై చేశాడు. మూడో ఆయనకు లెక్కే లేదు. కుట్టు అన్న మాట, కట్టు అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. చివరికి ఫొటో స్టూడియో అతను వచ్చి కట్టె తుపాకీ భుజానికి తగిలించి, "సారు, జర కోపంగ సూడుండ్రి" అన్నాడు.

ఫొటోలో ఆయన చూపు నిజంగానే కోపంగా ఉంటుంది. ఎందుకంటే ఆ క్షణానే నానమ్మ లేచి వెళ్ళిపోతోంది.

తుపాకీని కుర్చీలో పెట్టి, మెడలో దండతోనే ఆయన ఇంటికి నడిచాడు. వెనకాలే నేను. మైకులో నూనె మిల్లు తాత మాట్లాడుతూనే ఉన్నాడు...

మేము జనాన్ని దాటుకుని వెళ్ళేసరికి నానమ్మ స్నానం చేసి, సంధ్య దీపానికి మడి కట్టుకుని బావి దగ్గరే నిలబడి ఉంది. కొడుకు వైపు చూడలేదు.

"కొట్లాటకు రాలేదమ్మా. నా పని ఎట్ల షురూ అయితదో సూపెడ్త. ఒక్కసారి సూడు, తర్వాత నీ ఇష్టం."

దండ తీసేశాడు. గడియారం నాకిచ్చాడు. అంగీ చేతులు మోచేతుల పైదాకా మడిచి, నన్ను చెంబుతో నీళ్ళు పొయ్యమన్నాడు. సబ్బు, కొబ్బరి పీచు. ముందు గోళ్ళు. తర్వాత ఒక్కో వేలు నాలుగు పక్కలా. అరచెయ్యి, వెనక, మణికట్టు, మోచెయ్యి. చేతులు పైకెత్తి నీళ్ళు మోచేతుల నుంచి కారనిచ్చాడు. మళ్ళీ గోళ్ళ నుంచి మొదలు. పదకొండు చెంబులు పోశాను.

అయిపోయిందనుకుని తువ్వాల అందించబోతే వెనక్కి జరిగాడు.

"దూరం బిడ్డా. ముట్టుకుంటే మళ్ల మొదటి నుంచి కడగాలె."

నేను నానమ్మ వైపు చూశాను. పొద్దున లేస్తే ఆమె మాతో అనే మాట అది.

"ఎవలన్న తాకితే?" అంది, మొదటిసారి నోరు తెరిచి.

"మళ్ల మొదటి నుంచే."

"రోజుకొక్కపారా?"

"మనిషి మనిషికి. లడాయప్పుడు ఒక్కనాడే ఇరువై సార్లు కడిగిన. తోలు లేసింది."

"గంత మడి గట్టుకోని ఏం జేస్తవురా?"

"పానం పోకుంట పట్టుకుంటనమ్మా. ఒక్కోపారి... పోతది."

నానమ్మ కాసేపు ఆ తడి చేతులనే చూసింది. తర్వాత దేవుడి అర్ర తలుపు తనే తోసి, "దేన్ని ముట్టకుండ గట్లనే రా" అంది. చిన్న ఏకారతి వెలిగించి ఆయన చేతికిచ్చింది. ఆ సాయంత్రం మా ఇంట్లో దీపం చిన్నాయన పెట్టాడు.

అంతలో శాలువా పట్టుకుని పెద్దలు దిగారు. "సన్మాన పత్రం సదువుడు కాకముందే లేసొస్తిరి, గిదేం పద్ధతి" అంటూ నూనె మిల్లు తాత లోపలికి రాబోయాడు.

నానమ్మ గడపలో అడ్డంగా నిలబడింది. "ఆగుండ్రి. పిలగాడు మడిల ఉన్నడు."

ఇప్పుడు నానమ్మ లేదు, చిన్నాయనా లేడు. బావి పూడ్చేశాం. నల్లా తిప్పుకుని ఎవరి చేతులు వాళ్ళే కడుక్కుంటున్నాం... చెంబుతో పోసే మనిషి అక్కర్లేదు. తుపాకీ ఫొటో ఊళ్ళో అందరి దగ్గరా ఉంది. బావి దగ్గర ఫొటో మాత్రం ఎవరూ తియ్యలేదు.

మీ ఇళ్ళలోనూ ఒక మనిషి చేసింది ఒకటి, ఊరు చెప్పుకునేది ఇంకొకటి అయి ఉంటే ఇక్కడ రాయండి... ఎంత పొడుగైనా సరే. నేను చివరిదాకా చదువుతాను.