రిపేరుకి లొంగని ఏసీ

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఎలా ఉంటుంది చెప్పండి? పాతికేళ్ళుగా డబ్బింగ్ చెబుతున్నాను, అందులో ఎన్నో ఏళ్ళు దయ్యాలకే గొంతిచ్చాను. మైకు ముందు నిలబడి ఒళ్ళు గగుర్పొడిచేలా నవ్వేసి, బయటికొచ్చి అల్లం టీ తాగి ఇంటికెళ్ళిపోయేదాన్ని. ఎవరైనా మా ఇంట్లో దయ్యం ఉందంటే, "దానికి డబ్బింగ్ ఎవరు చెబుతున్నారు?" అని ఆటపట్టించేదాన్ని.

కాబట్టి ఇది చదివి నన్ను పిరికిదాన్ననుకోకండి. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

ఇదివరకు కృష్ణానగర్‌లో ఉండేదాన్ని. అక్కడ కిటికీలన్నీ మూసినా ఆటోల హారన్లు నట్టింట్లోనే వినిపిస్తాయి. ఈమధ్య సీరియల్ వాళ్ళు స్టూడియోకి రమ్మనడం తగ్గించి, సీన్లు ఫోన్‌కి పంపి ఇంటి దగ్గరే చెప్పి పంపమంటున్నారు. అందుకే ఫిల్మ్‌నగర్‌లో ఈ ఇల్లు చూడగానే ఎగిరి గంతేశాను. వెనక గదికి నాలుగు వైపులా చెక్కలు, వాటి మీద మెత్తటి దళసరి గుడ్డ బిగించి ఉన్నాయి. తలుపు వేస్తే బయటి ప్రపంచం లేనట్టే ఉంటుంది.

ఇంటి ఓనరు సుగుణమ్మ గారు కింద వాటాలో ఒక్కరే ఉంటారు. ఆవిడ భర్త సౌండ్ ఇంజినీర్. పోయి రెండేళ్ళయింది. ఆ గదీ, గోడ మీద ఏసీ ఆయనవే. ఇల్లు చూపించిన రోజు ఆవిడ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు, గదిలో అడుగు పెట్టలేదు. "ఏసీ వాడుకో బిడ్డా. ఖరాబైతే మాత్రం రిపేరు నువ్వే జేయించుకోవాలె" అన్నారు. సరేనన్నాను.

చలికాలంలో దిగాను కాబట్టి ఏసీతో పని పడలేదు. ఎండలు ముదిరాక మొదలైంది అసలు కథ.

మా పని గురించి ఒక్క మాట చెప్పాలి. డైలాగు చెప్పేటప్పుడు ఏసీ ఆగి ఉండాలి. దాని గుర్రు మైకులో పడితే చెప్పిందంతా వృథా. అలాగని ఆపి కూర్చుంటే గాలాడని ఆ గది ఇడ్లీ పాత్ర అయిపోతుంది. అందుకని ప్రతి డైలాగుకీ ముందు ఆపడం, చెప్పాక మళ్ళీ వేసుకోవడం. ఒంటరిగా చేసుకుంటున్నా పాత అలవాటు పోలేదు. మొదలుపెట్టే ముందు "టేక్" అని, రిమోట్ నొక్కి, డైలాగు చెప్పి, బాగా వస్తే "ఓకే" అని నాకు నేనే అనుకుంటాను. ఎడిటింగ్ వాళ్ళకి కూడా ఆ మాటలు ఆనవాళ్ళుగా పనికొస్తాయి.

చెవులకి హెడ్‌ఫోన్లు ఉంటాయి. షూటింగులో నటి పలికిన మాటలు అందులో మోగుతుంటాయి, కళ్ళేమో తెరమీద ఆవిడ పెదాలకి అతుక్కుపోయి ఉంటాయి. వెనకాల ఏసీ ఏం చేస్తోందో చూసే తీరిక ఉండదు. ఆపేశాననుకుని చెప్పేసేదాన్ని. తీరా విని చూసుకుంటే వెనకాల గుర్రుమంటూ ఏసీ! ఆపాలని రిమోట్ నొక్కితే మోగుతోంది, వేద్దామని నొక్కితే ఆగిపోతోంది. రెండుసార్లు చూసుకోకుండా పంపించేశాను కూడా.

సీరియల్ మేనేజర్ ఫోన్ చేశాడు. "మేడమ్, మళ్ళీ వెనకాల సౌండ్ వస్తోందండీ. ఇంకోసారి ఇలా వస్తే వాయిస్ మార్చేద్దామంటున్నారు పైవాళ్ళు."

 ఆ సీరియల్లో హీరో తల్లికి మొదటి నుంచీ నాదే గొంతు. కూరగాయల బండి దగ్గర బేరమాడుతుంటే కూడా జనం వెనక్కి తిరిగి చూసేవాళ్ళు, ఆవిడే వచ్చిందేమోనని. ఇల్లు గడిచేదీ దాంతోనే. ఈ వయసులో ఇంకో తల్లి గొంతు నాకోసం ఎవరు అట్టేపెడతారు?

మెకానిక్‌ని పిలిచాను. గ్యాస్ తగ్గిందన్నాడు, నింపాడు. మూడు వేలు. మర్నాడు మళ్ళీ అదే వరస. ఇంకొకరిని పిలిస్తే సెన్సర్ అన్నాడు, మార్చాడు. మూడో ఆయన లోపలి బోర్డే పోయిందన్నాడు. దానికి ఏకంగా ఏడు వేలు. చిత్రమేమిటంటే, వాళ్ళు నొక్కినప్పుడల్లా అది బుద్ధిమంతుడిలా ఆగేది, బుద్ధిమంతుడిలా మోగేది. వాళ్ళు మెట్లు దిగి వెళ్ళి, నేను మైకు ముందు నిలబడ్డాక మళ్ళీ మొదలు. చేతి చమురు వదలడం తప్ప ఒరిగిందేమీ లేదు. తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక లాభం లేదని కిందికెళ్ళి, ఇది తీసేసి నా డబ్బుతో కొత్తది పెట్టించుకుంటానని చెప్పాను. సుగుణమ్మ గారు తలెత్తి ఓసారి పై వాటా వైపు చూశారు. "తీసెయ్యి బిడ్డా. నీ పని ఆగొద్దు గదా" అన్నారు. ఆ మాట ఆవిడకి కష్టంగా ఉందని నాకు తెలుస్తూనే ఉంది. అయినా నా కష్టం నాది, ఏం చేయను?

మర్నాడు మధ్యాహ్నం మనుషులొచ్చి పాతది దింపుతామన్నారు. ఆ పొద్దున్నే అర్జెంటుగా ఒక సీను వచ్చింది. తల్లి, కొడుకుని ఇంట్లోంచి వెళ్ళిపొమ్మనే సీను. పేజీలు సర్దుతుంటే రిమోట్ కింద పడి పగిలింది. ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఏసీ మోగుతూనే ఉంది. మెయిన్ స్విచ్ కట్టేద్దామంటే కంప్యూటరూ ఆ లైన్ మీదే ఉంది. విసుగొచ్చి, ముందు ఒకసారి చెప్పి చూసుకుందాం, పంపే సంగతి తర్వాత అనుకుని "టేక్" అన్నాను.

చేతిలో నొక్కడానికి ఏమీ లేదు కాబట్టి మొదటిసారి కళ్ళు ఏసీ వైపు వెళ్ళాయి. దాని రెక్క నెమ్మదిగా మూసుకుంది. గది నిశ్శబ్దమైపోయింది.

డైలాగు చెప్పాను. "ఓకే" అన్నాను. రెక్క తెరుచుకుంది, చల్లగాలి వచ్చింది.

ఆ సీనంతా అలాగే సాగింది. ఒక్కచోట గొంతు జీరపోయి మధ్యలో ఆపేశాను, "ఓకే" అనలేదు. అదీ కదల్లేదు. మళ్ళీ చెప్పి "ఓకే" అన్నాకే మోగింది. పనయ్యాక పేజీలు మూసేసి, పరీక్షగా ఊరికే "టేక్" అన్నాను. ఊహూఁ. నా వేళాకోళాలు దాని దగ్గర సాగలేదు.

అప్పుడు అర్థమైంది నేను చేసిన తెలివితక్కువ పని. అది తనంతట తనే ఆగుతోంది. ఆగినదాన్ని నేను రిమోట్ నొక్కి మళ్ళీ మోగిస్తున్నాను. అంత డబ్బు పోసి నేను బాగు చేయించింది దాని మర్యాదని!

భయం వెయ్యలేదు. వెయ్యాలని గుర్తొచ్చేసరికే ఆలస్యమైపోయింది. కిందికెళ్ళి సుగుణమ్మ గారికి చెప్పాను, నవ్వుతారేమో అనుకుంటూనే.

ఆవిడ నవ్వలేదు. "గదే ఆయన పని" అన్నారు. "డైలాగులు జెప్పేటోళ్ళకు ఉక్కపొయ్యొద్దని రిమోటు చేతిల నుంచి ఇడవకపోతుండే. టేక్ అనంగనే బంద్ జేస్తుండే, ఓకే అనంగనే షురూ జేస్తుండే. అన్నానికి పిలిస్తే సుత దాన్ని వట్టుకునే వస్తుండే." లేచి కొంగు సర్దుకుని, "నేను జర పైకి రావొచ్చా బిడ్డా?" అని అడిగారు.

ఆయన పోయాక ఆవిడ ఆ గదిలోకి రావడం అదే మొదలు. మూలనున్న స్టూలు మీద కూర్చున్నారు. పొద్దున పంపిన సీన్లో ఆఖరి డైలాగు ఇంకోరకంగా చెప్పమని ఈలోగా మేనేజర్ అడిగాడు, అదే తీశాను. "టేక్" అన్నాను. ఏసీ ఆగింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చెప్పడం ముగించి "ఓకే" అన్నాను.

ఏసీ మోగలేదు.

కాసేపు చూశాను. మళ్ళీ "ఓకే" అన్నాను. లేదు. ఆవిడ మొహం చూడాలంటే నాకు దిగులేసింది. అనవసరంగా ఆశపెట్టి పైకి తీసుకొచ్చానని నన్ను నేను తిట్టుకున్నాను.

సుగుణమ్మ గారు తలెత్తి ఏసీ వైపు చూసి, రోజూ అనే మాటలాగే అన్నారు. "అయ్యింది గదా, ఇగ పెట్టయ్యా. ఉక్కపోస్తున్నది."

రెక్క తెరుచుకుంది. గాలి సూటిగా ఆవిడ మీదే పడింది. ఆవిడ భుజాల చుట్టూ కొంగు లాక్కుని, "గింత సల్లగ నాకు పడదని యాదిలేదా?" అన్నారు.

బీప్‌మని చిన్న శబ్దం వచ్చింది. ఇంకోసారి వచ్చింది. ఏసీ మీద అంకె ఇరవై నాలుగు నుంచి ఇరవై అయిదుకి, అక్కణ్ణుంచి ఇరవై ఆరుకి మారింది. రిమోట్ రెండు ముక్కలై నా బల్ల మీదే ఉంది. మైకు ఆపడం మర్చిపోయాను కాబట్టి ఆ బీప్‌లు రికార్డయ్యాయి, ఇప్పటికీ నా దగ్గరున్నాయి. తెలిసిన ఇంజినీర్లకి వినిపించాను. ఏసీ శబ్దమే అన్నారు, అంతకుమించి ఎవరూ చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను.

మధ్యాహ్నం వచ్చినవాళ్ళని మజ్జిగ ఇచ్చి పంపించేశాను. సీరియల్లో ఆ తల్లి ఇంకా నా గొంతుతోనే మాట్లాడుతోంది. సుగుణమ్మ గారు ఎండవేళ పైకొచ్చి స్టూలు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటారు. టేక్ అనగానే ఆవిడా చెయ్యి ఆపేస్తారు.

అంకె మాత్రం ఆ రోజు నుంచీ ఇరవై ఆరు దగ్గరే ఉంది. నాకు కాస్త ఉక్కగానే ఉంటుంది. అయినా తగ్గించమని నేనెలా అడుగుతాను? అది ఆయన పెట్టింది ఆవిడ కోసం కదా.