కెమెరా మీది బొట్టు

మా ఆళ్లగడ్డ వదిన ఇప్పుడు లేదు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తరువాత నంద్యాలలో మా ఇంట్లో ఉండి, రోజూ బస్సులో కర్నూలు పోయి రేడియేషన్ చేయించుకునేది. తిరిగొచ్చాక కుర్చీలో ఫోన్ ముందు కూర్చునేది. ఊపిరిని గమనిస్తూ నెమ్మదిగా చేతులు లేపే వ్యాయామాన్ని ఒక టీచరమ్మ వీడియో కాల్‌లోనే నేర్పేది. తరగతి మొదలయ్యే ముందు వదిన తన నొసటి బొట్టుబిళ్ల తీసి కెమెరాకు అంటించేది.

“అమ్మా, మీరు కనబడట్లేదు.”

“కనబడకున్నా చేస్తాండాలే తల్లీ.”

ఆపరేషన్‌తో ఒక పక్క చదునైన ఎదను ఎవరూ చూడకూడదని ఆమె పట్టుదల. మా అమ్మకు మాత్రం బోసి నొసలే కనిపించేది.

“మొగుడుండంగ బొట్టు తీస్తావేమ్మే? అందుకే నీకీ రోగం. కుర్చీలో కూర్చున్నదానికి అలుపేంది?”

ఆసుపత్రి వరండా నిండా బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లే ఉన్నారు. బొట్టు ఎవరి రోగాన్ని ఆపింది? వ్యాయామం కూడా రోగాన్ని మాన్పదని, అలుపు కొంత తగ్గవచ్చని టీచరమ్మ మొదటి రోజే చెప్పింది. అంత నిజాయితీ ఏ తాయెత్తుకూ లేదు.

రేడియేషన్ చివరి వారంలో ఒకరోజు వదినకు చేతులు లేవలేదు. కెమెరా మీది బొట్టు పీకేసింది.

“చూడు తల్లీ, నేను యేషాలు ఏస్తాండానా?”

“లేదమ్మా. ఈరోజు ఏమీ చేయొద్దు. ఊరికే కూర్చోండి.”

తరగతి ముగిసేదాకా వదిన ఏడుస్తూ కూర్చుంది. ఆమె అలుపును నమ్మిన ఆ టీచరమ్మ, ఆమె ముఖాన్ని చూసింది ఆ ఒక్క రోజే.